వేలా, నీటిబొట్టా?

వానలో నిలబడి ఫోన్ వాడినవాళ్ళందరికీ తెలిసిన తమాషా ఒకటుంది. తెర మీద చినుకు పడితే ఎవరికో కాల్ వెళ్ళిపోతుంది. అదే తెర మీద మన వేలు పెట్టి ఎంత రుద్దినా ఉలకదు, పలకదు. ఎవరూ ముట్టుకోకపోయినా ముట్టుకున్నారనుకోవడం ఒక తప్పు, ముట్టుకున్నా పట్టించుకోకపోవడం ఇంకో తప్పు. చిక్కేంటంటే, వీటిలో ఒకదాన్ని తగ్గించబోతే రెండోది పెరుగుతుంది. టచ్‌స్క్రీన్ చరిత్ర చదువుతుంటే, అదంతా ఈ రెండు తప్పుల మధ్య బేరమే అనిపిస్తుంది నాకు.

నేను సాఫ్ట్‌వేర్ రాసేవాణ్ణి. ఇంజనీరింగ్‌లో కెపాసిటర్ అంటే రెండు లోహపు పలకలు, మధ్యలో కరెంటు పారని పొర అని చదువుకున్నాం. ఆ అమరికలో కొంత విద్యుదావేశం నిలవుంటుంది. ఫోన్‌లో మధ్య పొర గాజు. ఒక పలక గాజు కిందుండే, కంటికి కనపడని సన్నటి తీగ. రెండో పలక మన వేలే. మన ఒళ్ళు ఒకరకంగా ఉప్పునీళ్ళ కుండ కదా, కరెంటుని పారనిస్తుంది. వేలు దగ్గరకొచ్చేకొద్దీ ఆ నిలవ మారుతుంది. తెరకి తెలిసేది ఆ మార్పు ఒక్కటే. స్పర్శ అంటే ఏమిటో దానికి తెలీదు. దానికొక అంకె అందుతుంది. ఆ అంకె ముందే గీసిపెట్టిన గీతని దాటితే స్పర్శ, దాటకపోతే కాదు. గొడవంతా ఆ గీత ఎక్కడ గియ్యాలనే.

ముట్టుకోకుండానే చెయ్యి జాడ తెలుసుకోవచ్చన్న ఈ సంగతిని 1920 ప్రాంతంలోనే రష్యాలో లియోన్ థెరెమిన్ సంగీతంగా మార్చాడు. ఆయన పేరే పెట్టుకున్న ఆ వాద్యంలో యాంటెన్నాకి చెయ్యి దగ్గరగా జరిపితే స్వరం పైకి పోతుంది, దూరం జరిపితే కిందికి దిగుతుంది. అక్కడ అపస్వరం ఉంటుందిగానీ అబద్ధపు స్పర్శ ఉండదు. చెయ్యి ఎంత కదిలితే అంత స్వరం, అంతే. ఇది అవునా కాదా అని తేల్చి చెప్పాల్సి వచ్చినప్పుడే అబద్ధానికి చోటు దొరుకుతుంది.

ఆ తేల్చాల్సిన అవసరం 1965లో ఇంగ్లండులోని మాల్వెర్న్‌లో వచ్చింది. అక్కడి రాయల్ రాడార్ ఎస్టాబ్లిష్‌మెంట్‌లో పనిచేసే ఈ. ఏ. జాన్సన్ వేలితో తాకే తెర గురించి ఎలక్ట్రానిక్స్ లెటర్స్ పత్రికలో చిన్న వ్యాసం రాశాడు. 1967లో ఇంకాస్త వివరంగా ఇంకోటి రాశాడు. ఆయన ఆలోచన విమానాల రాకపోకలు చూసే కంట్రోలర్ల కోసం. కీబోర్డు మీద అక్షరం అక్షరం కొట్టే బదులు, ఆ క్షణానికి పనికొచ్చేవే తెర మీద చూపించి, వాటిల్లో ఒకదాన్ని తాకమంటే పని తొందరగా అవుతుంది, తప్పులు తగ్గుతాయి. కానీ వేలు పెట్టని చోట తెర పలికితే? ఎవరికో కాల్ వెళ్ళిపోవడం లాంటి తమాషా కాదది.

అది రాడార్ సంస్థ కావడం నాకు ఆసక్తిగా అనిపిస్తుంది. అదే మాల్వెర్న్‌లో పనిచేసిన ఫిలిప్ వుడ్‌వర్డ్ 1953లో రాడార్‌కి సంభావ్యతా సిద్ధాంతాన్ని అన్వయిస్తూ ఒక పుస్తకం వెలువరించాడు. రాడార్‌కి తిరిగొచ్చిన తరంగంలో విమానం ఉందా, లేక వట్టి రొదేనా? ఆ ప్రశ్నకి ఖచ్చితమైన జవాబుండదు, ఎంత నమ్మొచ్చు అన్న లెక్కే ఉంటుంది. అంతకుముందే, 1933లో, నేమన్, పియర్సన్ ఇలాంటి తీర్పులన్నిటికీ ఒక పద్ధతి చెప్పారు: రెండు రకాల తప్పుల్లో ఒకదాన్ని ఎంతవరకు భరించగలమో ముందే నిర్ణయించుకుని, రెండోదాన్ని వీలైనంత తగ్గించుకోవాలి. జాన్సన్ ఈ లెక్కలు ముందేసుకుని తన తెర చేశాడని నేననడం లేదు. ఆకాశంలో విమానాన్ని వెతికేవాళ్ళ ప్రశ్నా, గాజు మీద వేలిని వెతికేవాళ్ళ ప్రశ్నా ఒకటేనని మాత్రం అంటున్నాను.

తర్వాతి మజిలీ జెనీవా దగ్గరి సెర్న్. సూపర్ ప్రోటాన్ సింక్రోట్రాన్ అనే భారీ యంత్రాన్ని కడుతున్నారు. పాత పద్ధతిలో అయితే దాని కంట్రోల్ రూమ్ నిండా వేలకొద్దీ మీటలు, బొత్తాలు ఉండాలి. వాటికి బదులు అవసరాన్నిబట్టి పేర్లు మారే కొద్దిపాటి బొత్తాలు చాలని ఫ్రాంక్ బెక్ అనుకున్నాడు. అది ఎలా సాధ్యమో 1972 మార్చిలో బెంట్ స్టంపే చేత్తో రాసిన ఒక నోట్‌లో చూపించాడు. గాజు మీద రాగి పూత వేసి, దాన్ని సన్నటి గీతలుగా చెక్కి, కెపాసిటర్లు తయారుచేశారు. ఆ తెర మీద 16 బొత్తాలు. ఒక్కో బొత్తానికి తన చోటు తనకుంది. అందుకని నిజమేదో అబద్ధమేదో తేల్చడం కొంత తేలిక. అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ఈ గడిలో వేలుందా, లేదా?

బొత్తాలు పోయి తెరంతా ఒకటే పొలం అయ్యాక కష్టాలు పెరిగాయి. అడ్డంగా కొన్ని తీగలు, నిలువుగా కొన్ని తీగలు పరిచామనుకోండి. ఒక వేలు పెడితే ఒక అడ్డ తీగ, ఒక నిలువు తీగ పలుకుతాయి. అవి కలిసేచోటే వేలు. రెండు వేళ్ళు పెడితే రెండు అడ్డ తీగలు, రెండు నిలువు తీగలు పలుకుతాయి. అవి కలిసే చోట్లు మాత్రం నాలుగు. రెండు నిజం, రెండు దయ్యాలు. ఇంజనీర్లు వాటిని పిలిచేది కూడా ఆ పేరుతోనే. దీనికి విరుగుడు, తీగలని విడివిడిగా కాకుండా అవి కలిసే ప్రతి కూడలినీ అడగడం. 1985లో టొరంటో యూనివర్సిటీలో లీ, బక్స్‌టన్, స్మిత్ ఒకేసారి చాలా వేళ్ళని గుర్తుపట్టే పలకని చూపించారు. ఈరోజు మన ఫోన్ ఒక్క సెకనులో ఎన్నోసార్లు కూడలి కూడలికీ వెళ్ళి అడిగొస్తోంది.

వేలు నిజమైనంత మాత్రాన స్పర్శ నిజమవుతుందా? ఈ ప్రశ్న దగ్గర చరిత్ర మలుపు తిరిగింది. డెలావేర్ యూనివర్సిటీలో వేన్ వెస్టర్‌మన్‌కి చేతుల నెప్పులతో కీబోర్డు వాడటం కష్టమైంది. ఆయన 1999 నాటి పిహెచ్‌డి సిద్ధాంత గ్రంథం విషయం, చేతులు మొత్తం ఆనించి పనిచేసుకోగల పలక. అరచెయ్యి ఆనినా అది చర్మమే, తాకింది కూడా నిజమే, అయినా అది ఆజ్ఞ కాదు. కాబట్టి ఆ పలక ఆకారాన్ని చూడాలి, ఏది వేలికొస, ఏది అరచెయ్యి అని. వేళ్ళు ఒకదాని తర్వాత ఒకటి పడ్డాయా, అన్నీ ఒకేసారి వాలాయా అన్నదీ చూడాలి. ఒకేసారి వాలితే బహుశా అలిసి ఆన్చుకున్నారని అర్థం. అబద్ధపు స్పర్శ అంటే తాకనిది మాత్రమే కాదు, తాకాలనుకోనిది కూడా అని తేలింది. ఆయనా, ఆయన గురువు జాన్ ఎలియాస్ కలిసి పెట్టిన ఫింగర్‌వర్క్స్ కంపెనీని 2005లో ఆపిల్ కొనేసింది. 2007 జనవరిలో ఐఫోన్ ప్రపంచం ముందుకొచ్చింది.

ఇక మొదట అనుకున్న చినుకు దగ్గరికొద్దాం. నలోపాఖ్యానం గుర్తుందా? స్వయంవరంలో దమయంతి ముందు ఐదుగురు నలులు. నలుగురు దేవతలు, ఒకడే మనిషి. ఆమె ప్రార్థిస్తే దేవతలు తమ గుర్తులు చూపించారు. వాళ్ళకి చెమట పట్టదు, రెప్ప పడదు, మెడలో దండ వాడదు, పాదాలు నేలని తాకవు. చెమటా దుమ్మూ అంటుకుని, నేల మీద నిలబడ్డవాడు నలుడు.

నీటిబొట్టునీ వేలినీ విడదీసే ఉపాయం కూడా దాదాపు ఇదే. వేలు ఒంటితోనూ, ఒంటి ద్వారా నేలతోనూ కలిసి ఉంటుంది. కూడలి దగ్గరున్న విద్యుత్తులో కొంత లాగేసుకుంటుంది, అంకె తగ్గుతుంది. విడిగా ఉన్న నీటిబొట్టుకి నేలతో సంబంధం లేదు. అది విద్యుత్తుని ఒక తీగ నుంచి ఇంకో తీగకి దాటిస్తుంది, అంకె పెరగొచ్చు కూడా. పైగా తీగలన్నిటినీ ఒకేలా ఊపి, ఒక్కో తీగనీ విడిగా కొలిస్తే వేలు కనిపిస్తుందిగానీ ఆ బొట్టు దాదాపు కనిపించదు. రెండు కొలతల్నీ పోల్చి చూస్తే ఏది ఏదో తెలుస్తుంది. నీళ్ళు పరుచుకుని వేలితోనో ఫోన్ అంచుతోనో కలిశాయంటే మాత్రం ఈ గుర్తులు చెరిగిపోతాయి. దేవతల పాదాలు నేలని తాకినట్టే.

ఇలాంటి ఉపాయాలు ఇంకా ఉన్నాయి. నాసిరకం ఛార్జర్ రొద వేలి ద్వారా తీగల్లోకి ఎక్కుతుంది, అప్పుడు ఫోన్ ఇంకో ఫ్రీక్వెన్సీకి మారి వింటుంది. ఎండకీ చలికీ అంకెలు మెల్లగా జరుగుతుంటాయి, వాటితోపాటు గీతా జరుగుతుంటుంది. ఒక్కసారి కనపడితే నమ్మకుండా, వరసగా కొన్నిసార్లు కనపడేదాకా ఆగుతుంది. ప్రతిదానికీ ఖరీదుంది. ఎక్కువసేపు ఆగితే మనకి ఆలస్యమనిపిస్తుంది. గీతని మరీ త్వరగా జరిపితే కదలకుండా ఉంచిన వేలు కాసేపటికి తెరలో భాగమైపోతుంది.

ఈ ఖరీదు అందరూ ఒకేలా కట్టరు. మా నానమ్మ కోరుట్లలో ముప్పయ్యేళ్ళు బీడీలు చుట్టింది. వేళ్ళ కొసలు ఎండిపోయి, కాయలు కాసి ఉంటాయి. వీడియో కాల్ వస్తే పచ్చ గుండ్రాన్ని జరపలేక, "నా ఏలు దీనికి కనవడ్తలేదు బిడ్డా" అనేది. ఆమె మాట సాంకేతికంగా అక్షరాలా నిజం. చర్మం మందంగా, పొడిగా ఉంటే అంకె చిన్నదవుతుంది, గీత కిందే ఉండిపోతుంది. టచ్‌స్క్రీన్లని ప్రయోగశాలల్లో లోహపు కడ్డీలు పట్టుకున్న రోబోలతో పరీక్షిస్తారు. కడ్డీకి కాయలు కాయవు.

గీతని కిందికి దించొచ్చు. గ్లవ్స్ వేసుకున్నా పనిచేసేలా సెట్టింగ్ పెట్టిన ఫోన్లు చేసేది అదే. అప్పుడు చినుకులూ, జేబులోని గుడ్డా కాల్స్ చేయడం మొదలుపెడతాయి. ఏ తప్పుని భరించాలన్నది లెక్క చెప్పదు, లెక్క వేసేవాళ్ళు చెప్తారు. దమయంతి కథలో చెమటా దుమ్మూ అంటిన ఒళ్ళే మనిషికి రుజువు. మన తెరలు మాత్రం మెత్తటి, శుభ్రమైన వేలినే ముందు నమ్ముతాయి. పనిచేసి అరిగిన వేలిని ఇంకోసారి నొక్కమంటాయి.