ముక్కోపి బాసు, ఏలియన్ ప్రేమ

ఈమధ్య ఇంగ్లీషు రొమాన్సు నవలల్లో ఒక రకం బాగా నడుస్తోంది. బాసు వేరే గ్రహం వాడు. ముక్కు మీద కోపం, మాట పొదుపు. అతని కింద పనిచేసే అమ్మాయి మామూలు మనిషి. మొదటి అధ్యాయంలో ఇద్దరికీ పడదు, చివరికొస్తే గానీ మనసు విప్పరు. దీన్ని ‘స్లో బర్న్’ అంటారు. మన మాటల్లో సన్నసెగ మీద ఉడికిన ప్రేమ. వినగానే నవ్వొస్తుంది, నాకూ వచ్చింది. కానీ ఈ కథకి వంశవృక్షం గీస్తే మూడు వందల ఏళ్ళు వెనక్కి వెళ్తుంది. అందులో ఒక కొమ్మ మనవాళ్ళ గుమ్మం దాకా వస్తుంది.

1740లో ఫ్రాన్సులో మదామ్ ద విల్‌నవ్ అనే రచయిత్రి ‘బ్యూటీ అండ్ ద బీస్ట్’ కథ అచ్చువేసింది. కోట మృగానిది, తిండి మృగానిది, తలుపు తాళం కూడా మృగం చేతిలోదే. రోజూ రాత్రి అదే ప్రశ్న అడుగుతాడు, ఆమె రోజూ కాదంటుంది. కథ మలుపు తిరిగేది అతను గట్టిగా అడిగినప్పుడు కాదు, ఆమెను పుట్టింటికి పంపినప్పుడు. తలుపు తీసి వదిలిన చోటికే ఆమె తిరిగొచ్చింది.

1847లో షార్లెట్ బ్రాంటీ ఆ మృగానికి కోటు తొడిగి రోచెస్టర్ అని పేరు పెట్టింది. జేన్ ఐర్ అతనింట్లో ఏడాదికి 30 పౌండ్ల జీతానికి పిల్లకు చదువు చెప్పే పంతులమ్మ. అతను గదమాయిస్తాడు, ఆమె బెదరదు. ప్రేమ పుట్టినా అతనికి అప్పటికే భార్య ఉందని తెలిసి, చేతిలో కొద్దిపాటి డబ్బుతో అర్ధరాత్రి దాటాక వెళ్ళిపోతుంది. తిరిగొచ్చేటప్పటికి ఆమె దగ్గర పినతండ్రి ఇచ్చిన ఆస్తి ఉంది. అతని ఇల్లు కాలిపోయింది, చూపు పోయింది. జీతం ఇచ్చేవాడు, పుచ్చుకునేది అన్న తేడా చెరిగిపోయాకే పెళ్ళి.

తెలుగువాళ్ళకి ఈ రుచి కొత్తేం కాదు. 1960లలో యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’ని మన ఇళ్ళలో ఎంతమంది చేతులు మార్చుకుని చదివారో! రాజశేఖరం ఏలియన్ కాదు గానీ, మధ్యతరగతి జయంతికి అతని కారు, మేడ, చుట్టూ తిరిగే జనం మరో లోకమే. ఆడపిల్లలు ఆఫీసు మెట్లెక్కడం ఇంకా కొత్తగా ఉన్న రోజులవి. ‘జీతం ఇచ్చే మనిషి ఇష్టపడితే నా గౌరవం నిలుస్తుందా?’ అన్నది చదివేవాళ్ళ ప్రశ్న కూడా. కథ అంత నెమ్మదిగా నడవడానికి కారణం సిగ్గు కాదు, ఆ లెక్క తేలకపోవడం.

ఇక అసలు ఏలియన్ సంగతి. 1966లో అమెరికా టీవీలో ‘స్టార్ ట్రెక్’ మొదలైంది. వల్కన్ గ్రహపు తండ్రికీ భూలోకపు తల్లికీ పుట్టిన స్పాక్ ఓడలో రెండో పెద్ద అధికారి. నర్సు క్రిస్టీన్ చాపెల్‌కి అతనంటే ప్రాణం. 1967లో వచ్చిన ‘అమోక్ టైమ్’ ఎపిసోడ్‌లో ఆమె అతని కోసం సూప్ తీసుకెళ్తే, గిన్నెతో సహా విసిరికొడతాడు. తర్వాత తనే పిలిచి, ఆ సూప్ మళ్ళీ చేసిపెడతావా అని అడుగుతాడు. వాళ్ళ మధ్య అంతకంటే పెద్దగా ఏమీ జరగదు. ఆ మిగిలిన ఖాళీలోనే అభిమానులు, ముఖ్యంగా ఆడవాళ్ళు, సొంత కథలు రాసి చిన్న పత్రికలుగా పంచుకున్నారు. నేటి గ్రహాంతర నవలలకి అది ఒక పుట్టిల్లు.

అదే 1967లో ఆ దేశపు సుప్రీం కోర్టు, వేర్వేరు జాతులవాళ్ళ పెళ్ళిని నేరం చేసే రాష్ట్ర చట్టాలు చెల్లవని తీర్పిచ్చింది. తెరమీద ఏలియన్ ప్రేమ నడుస్తున్నప్పుడు నేలమీద ఈ సంగతి నడుస్తోంది.

అసలు అమెరికా చట్టంలో ‘ఏలియన్’ అంటే ఆకుపచ్చ రక్తం వాడు కాదు, పౌరసత్వం లేనివాడు. నేను ఇక్కడికొచ్చిన కొత్తలో పన్ను కాయితం మీద నన్ను ‘నాన్‌రెసిడెంట్ ఏలియన్’ అన్నారు. 1907 చట్టం ప్రకారం విదేశీయుణ్ణి పెళ్ళాడిన అమెరికన్ స్త్రీ పౌరసత్వం పోయేది. 1922లో దాన్ని సడలించారు, కానీ పౌరసత్వానికి అర్హత లేని ఏలియన్‌ని చేసుకుంటే మాత్రం పోతుందన్నారు. మరుసటేడు భగత్‌సింగ్ థింద్ కేసులో భారతీయులకి ఆ అర్హత లేదని సుప్రీం కోర్టు తేల్చేసింది. 1924లో తారక్‌నాథ్ దాస్‌ని పెళ్ళాడిన అమెరికన్ మేరీ ఆ విధంగానే తన దేశానికి పరాయిదైపోయింది. ఆ నిబంధన పోయింది 1931లో. ఏలియన్‌ని ప్రేమించడానికి మనిషి కట్టిన అసలు ధర అది.

ఇప్పుడు మన ఇళ్ళలో కథ తిరగబడింది. బాసు మనిషే, ఏలియన్‌లం మనం. హెచ్1బి మీద ఉన్నవాళ్ళకి ఉద్యోగం పోతే దొరికే గడువు ఎక్కువలో ఎక్కువ 60 రోజులు. ఆలోపు మరో ఉద్యోగమో మరో దారో చూసుకోకపోతే పెట్టె సర్దుకోవాలి. అలాంటి అమ్మాయికి ముక్కోపి బాసు మీద మనసైనా, అతనికే ఆమె మీద మనసైనా, ఆమె చెప్పే ‘అవును’లో ఇష్టమెంత, వీసా ఎంత? ఆమెకే తెలియకపోవచ్చు.

ఈ కథలన్నీ పట్టుకుని కూర్చున్న విషయం అదే. మృగం తలుపు తీశాడు, జేన్ గడప దాటింది. కాదని వెళ్ళగలిగిన మనిషి అవునంటేనే దానికి విలువ. గ్రహాంతర నవలలో ఆ తలుపు తెరవడానికి రచయిత్రికి నాలుగు వందల పేజీలు చాలు. ఇక్కడ గ్రీన్‌కార్డు వరసలో నిలబడ్డవాళ్ళకి ఒక్కోసారి యవ్వనం మొత్తం పడుతోంది.