పదిహేనేళ్లు తవ్విన పల్లె: ఇనాంగావ్

ఆర్కియాలజీ అనగానే మనలో చాలామందికి రెండే గుర్తొస్తాయి. ఒకటి గుప్తనిధులు, రెండు ఇండియానా జోన్స్. ఈ ఎపిసోడ్‌లో ఆ రెండూ లేవు. మహారాష్ట్రలో ఘోడ్ నది ఒడ్డున ఉన్న ఇనాంగావ్ అనే పల్లె, దాన్ని తవ్వుతూ పని నేర్చుకున్న స్టూడెంట్స్, వాళ్లను అక్కడికి పంపిన పుణెలోని దక్కన్ కాలేజీ. ఇదీ కథ. "అన్నా, ఈ ఫీల్డ్‌లో జాబ్స్ ఉంటాయా?" అని అడిగేవాళ్లు ఆగండి, ఆ లెక్క కూడా చెప్తా.

ముందు కాలేజీ సంగతి. దక్కన్ కాలేజీని 1934లో అప్పటి ప్రభుత్వం మూసేసింది. పూర్వ విద్యార్థులు ఊరుకోలేదు, కోర్టుకెక్కారు. చివరికి 1939లో అది రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌గా మళ్లీ తెరుచుకుంది. ఆ ఏడాదే హెచ్.డి. సంకాలియా అందులో చేరారు. ఆయన లండన్‌లో పీహెచ్‌డీ చేసిన రోజుల్లో మార్టిమర్ వీలర్ దగ్గర తవ్వకం పని నేర్చుకున్నారు. ఆ వీలరే 1944లో మన పురావస్తు శాఖకి డైరెక్టర్ జనరల్‌గా వచ్చి, తక్షశిలలో కుర్రాళ్లకి ట్రైనింగ్ స్కూల్ పెట్టారు.

తవ్వడానికి ట్రైనింగ్ ఎందుకు, పలుగూ పారా ఉంటే చాలదా అంటారేమో. చాలదు. నేలని చతురస్రాలుగా గుర్తు పెట్టి, మధ్యలో మట్టి గట్లు వదిలేసి, పొర తర్వాత పొర దించుతారు. ఆ గట్టు పక్క గోడలో పొరలన్నీ కేక్ ముక్కలో కనపడినట్టు కనపడతాయి. ఒక పొరలో మట్టి రంగు ఎక్కడ మారిందో కన్ను పట్టాలి. నల్లగా గుండ్రంగా ఒక మచ్చ కనిపిస్తే, అక్కడ ఒకప్పుడు గుడిసె రాట పాతారని అర్థం. రాట కుళ్లిపోయి మూడు వేల ఏళ్లైంది, గుంట మాత్రం మిగిలింది. అది తెలియని మనిషి ఒక్క పార దెబ్బకి ఇల్లంతా చెరిపేస్తాడు.

నేను కోడ్ రాసినవాణ్ని కాబట్టి నాకు ఇలా అర్థమైంది: తవ్వడం అంటే చదువుతూ డిలీట్ చేయడం. అన్‌డూ లేదు. నోట్‌బుక్‌లో రాసిందే, గ్రాఫ్ షీట్ మీద గీసిందే బ్యాకప్. అందుకే ట్రైనీలకి మొదట దొరికే పని బోరింగ్‌గా ఉంటుంది. కుండ పెంకులు కడగడం, ఆరబెట్టడం, ఒక్కో పెంకు మీద ఇంకుతో నంబర్ వేయడం, కొలతలు రాయడం. రోజంతా ఎండలో.

ఇప్పుడు ఇనాంగావ్. సంకాలియా, ధవళీకర్, అన్సారీ ఆధ్వర్యంలో 1968 నుంచి 1983 వరకు సీజన్ల వారీగా తవ్వారు. రిపోర్ట్ 1988లో వచ్చింది. అంటే మొదటి రోజు గంప మోసిన స్టూడెంట్‌కి పుస్తకం చేతికొచ్చేసరికి ఇరవై ఏళ్లు! మన రిలీజ్ డేట్లు ఇంక గుర్తు చేసుకోకండి.

క్రీ.పూ. 1600 నుంచి 700 దాకా అక్కడ రైతులు బతికారు. బార్లీ ముఖ్యమైన పంట. రాగి ఉంది, ఇనుము ఇంకా లేదు. మొత్తం నూటముప్పైకి పైగా ఇళ్లు బయటపడ్డాయి. నీళ్లు మళ్లించడానికి తవ్విన కాలువ ఉంది. ఐదు గదుల ఇల్లు ఒకటి ఉంది, దాని వాకిట్లో నాలుగు కాళ్లున్న పెద్ద మట్టి కాగు, అందులో బాసింపట్టు వేసి కూర్చోబెట్టి పూడ్చిన మనిషి. ఇతను ఊరి పెద్ద అని ధవళీకర్ అన్నారు. అయ్యుండొచ్చు. మిగతా పెద్దవాళ్లను పడుకోబెట్టి, చీలమండల కింద పాదాలు తీసేసి పూడ్చారు, ఇతని పాదాలు మాత్రం అలాగే ఉన్నాయి. నాకు ఆ తేడానే పెద్ద ఆధారంగా అనిపిస్తుంది. పసిపిల్లల్ని మాత్రం రెండు కుండల్లో పెట్టి, మూతికి మూతి ఆనించి, ఇంటి నేల కిందే పూడ్చుకున్నారు. ఎక్కడో దూరంగా కాదు, ఇంట్లోనే.

క్రీ.పూ. 1000 తర్వాత సీన్ మారింది. పెద్ద పెద్ద ఇళ్లు పోయి చిన్న గుండ్రటి గుడిసెలొచ్చాయి. వ్యవసాయం తగ్గి, వేట పెరిగింది. వానలు తగ్గి కరువొచ్చిందని, అందుకే ఊరు చితికిపోయిందని తవ్వినవాళ్లు చెప్పారు. కొన్నేళ్ల పాటు అందరూ అదే నమ్మారు.

నాకు బాగా నచ్చిన భాగం ఇక్కడే. ఆ పిల్లల ఎముకలు నంబర్లతో సహా జాగ్రత్తగా దాచారు. చాలా ఏళ్ల తర్వాత గ్వెన్ రాబిన్స్ షుగ్ అనే పరిశోధకురాలు వాటినే మళ్లీ కొలిచారు. చివరి కాలంలో పుట్టిన పిల్లల ఎదుగుదల దెబ్బతిందని ఎముకల్లో చదివారు. కానీ కరువే కారణం అని తేల్చేసిన కథను మాత్రం ప్రశ్నించారు. 2011లో పుస్తకం కూడా వేశారు. అంటే పాత టీచర్ల మాటతో విభేదించడానికి కావాల్సిన ఆధారాన్ని దాచిపెట్టింది కూడా ఆ పాత తవ్వకమే. ఏ ఎముక ఏ పొరలోది అని అప్పుడు ఒక స్టూడెంట్ సరిగ్గా రాయకపోయి ఉంటే, ఈ వాదనే పుట్టేది కాదు.

ఇక జాబ్స్. దక్కన్ కాలేజీ ఇప్పుడు డీమ్డ్ యూనివర్సిటీ. అక్కడ ఎంఏ ఆర్కియాలజీ చేసి, తర్వాత పీహెచ్‌డీ చేయొచ్చు. గ్రేటర్ నోయిడాలో పురావస్తు శాఖకే సొంత ఇన్‌స్టిట్యూట్ ఉంది, రెండేళ్ల పీజీ డిప్లొమా. తర్వాత కేంద్ర, రాష్ట్ర శాఖలు, మ్యూజియాలు, యూనివర్సిటీ ప్రాజెక్టులు. ప్రాజెక్ట్ పోస్టులు ఎక్కువగా కాంట్రాక్టే, ప్రాజెక్ట్ అయిపోతే మళ్లీ వెతుక్కోవాలి. జీతం చూసి మాత్రం ఇటు రావద్దు. కానీ తవ్వేవాళ్లు మాత్రమే కాదు, గింజలు, ఎముకలు, మట్టి, డేటాబేస్, మ్యాపింగ్ చూసేవాళ్లు కూడా కావాలి. మన బీటెక్ వాళ్లకి అక్కడ తలుపు తెరిచే ఉంది. ఇంకో మాట. ఏ సైట్‌లోనైనా సగం పని చేసేది పక్క ఊరి కూలీలే. పొర మారితే కొందరు స్టూడెంట్స్ కన్నా ముందే చెప్పేస్తారు. రిపోర్ట్‌లో వాళ్ల పేర్లు ఎక్కడో చివర, అదీ ఉంటే.

మనవాళ్ల సంగతి కూడా చెప్పాలి. దక్కన్ కాలేజీలో చదివి అక్కడే ప్రొఫెసర్, తర్వాత డైరెక్టర్ అయిన కె. పద్దయ్య తెలుగువారే. 2012లో పద్మశ్రీ వచ్చింది. కర్ణాటకలో హుణసగి, బైచబాళ్ లోయల్లో దశాబ్దాల పాటు కాలినడకన తిరిగారు. అక్కడ ఇసాంపూర్‌లో ఆదిమానవులు సున్నపురాయి చెక్కి పనిముట్లు చేసుకున్న చోటు దొరికింది. వయసు సుమారు 12 లక్షల ఏళ్లు.

మన ఊళ్లలో పాటిదిబ్బలు అంటాం కదా, పెంకులూ బూడిదా కలిసిన ఎత్తైన దిబ్బలు. వాటి మట్టి పొలానికి మంచి బలమని ట్రాక్టర్లతో తోలుకుపోతారు. రైతుని తప్పు పట్టలేను, ఎరువు ధర ఎంతో మనకి తెలుసు. కానీ ఒక్కో ట్రాక్టర్ లోడ్‌లో రాట గుంటలు, పొయ్యిలు, ఎవరి పిల్లల కుండలు పోతున్నాయో రాసిపెట్టే మనిషి అక్కడ ఉండడు. మీ ఊళ్లో అలాంటి దిబ్బ ఇంకా మిగిలి ఉంటే, ఫోన్‌లో నాలుగు వైపుల నుంచి ఫొటోలు తీసి, లొకేషన్ పిన్‌తో మీ రాష్ట్ర పురావస్తు శాఖకి మెయిల్ చేయండి. మీరు మాత్రం పార పట్టుకోవద్దు, ప్లీజ్.