ఇజాజత్ అడగని మెహమాన్లు



మా రాజుపాలెం నల్లరేగడి ఇలాకా. పక్కన కుందూ పారుతుంది, కేసీ కాలువ నీళ్ళొస్తాయి, చలికాలంలో ఎటు చూసినా శనగ చేలే. ఇక్కడ ‘స్మార్ట్ హోమ్’ అనే మాట ఎవరి నోటా వినపడదు. సామాన్లు మాత్రం వచ్చేశాయి. కువైట్ నుంచి కొడుకు డబ్బు పంపితే ప్రొద్దుటూరు పోయి టీవీ తెస్తారు, వాకిట్లో కెమెరా బిగిస్తారు, పిల్లలు మాట్లాడే స్పీకరు కావాలంటారు. ఇవి చాలవన్నట్టు కరెంటు మీటరు కూడా స్మార్ట్ అవుతోంది. ఒక్కొక్కటీ విడిగా వచ్చింది కాబట్టి, మన ఇంట్లో ఎన్ని కళ్ళు, ఎన్ని చెవులు చేరాయో ఎవరూ లెక్కపెట్టుకోలేదు.

యంత్రాలంటే నాకు నఫ్రత్ లేదు. నా సవాల్ ఒకటే: ఇంట్లో పెట్టిన యంత్రం ఎవరి నౌకర్? ఇంటివాళ్ళదా, అమ్మినవాళ్ళదా? దీనికి జవాబు కోసం కొంచెం తారీఖ్ తిరగేద్దాం.

ఇంటి హుర్మత్

మన దీన్‌లో ఇల్లు అంటే నాలుగు గోడలు మాత్రమే కాదు. పరాయి ఇంట్లోకి ఇజాజత్ తీసుకుని, సలాం చెప్పి మరీ వెళ్ళాలని సూరహ్ నూర్ 27వ ఆయత్ హుకుం. అదే సూరహ్ 58వ ఆయత్ ఇంకా లోతుకు పోతుంది. ఫజర్‌కు ముందు, మధ్యాహ్నం బట్టలు సడలించుకునే వేళ, ఇషా తరువాత - ఈ మూడు వేళల్లో ఇంట్లో నౌకర్లు, చిన్న పిల్లలు కూడా అడిగే లోపలికి రావాలి. సూరహ్ హుజురాత్ 12వ ఆయత్ తజస్సుస్‌ను, అంటే ఇతరుల గుట్టు కోసం వెతకడాన్ని, మనా చేసింది. ఇజాజత్ అడగమన్నదే చూపు కోసమని, అంటే కన్ను పడకూడని చోట పడకుండా ఉండటానికని, బుఖారీ షరీఫ్‌లోని హదీసు తెలుపుతుంది.

ఇమామ్ గజాలీ ‘ఇహ్యా ఉలూమిద్దీన్’లో ఒక వాకియా నక్ల్ చేశారు. హజ్రత్ ఉమర్ (రజి.) రాత్రి గస్తీ తిరుగుతూ ఒక ఇంటి గోడెక్కి చూస్తే, లోపల ఒకడు గునాహ్ చేస్తూ దొరికాడు. ఆయన గద్దిస్తే ఆ మనిషి ఎదురు చెప్పాడు: నేను చేసింది ఒక తప్పు, మీరు చేసినవి మూడు. తజస్సుస్ చేశారు, దర్వాజా వదిలి గోడ మీదుగా వచ్చారు, సలాం చెప్పలేదు. ఖలీఫా అతన్ని వదిలేసి వెళ్ళారు. హుకూమత్ చేతిలో ఉన్నవాడికి కూడా ఇంటి గోడ హద్దేనన్నది ఇందులో ఉన్న సబక్.

అల్ జజరీ కారీగరీ

ఇంట్లో ఆటోమేటిక్ యంత్రాలు పెట్టిన మొదటివాళ్ళలో మనవాళ్ళున్నారు. 9వ శతాబ్దంలో బగ్దాద్‌లో బనూ మూసా అనే ముగ్గురు అన్నదమ్ములు దాదాపు వంద యంత్రాల గురించి ‘కితాబుల్ హియల్’ రాశారు. ఆ తరువాత ఇప్పటి తుర్కీలోని దియార్‌బకిర్‌లో, అర్తుకీ సుల్తానుల దగ్గర, అల్ జజరీ అనే ఇంజనీరు పని చేశాడు. 1206లో ఆయన పూర్తి చేసిన కితాబులో 50 యంత్రాలున్నాయి.

అందులో ఒకటి వుజూ యంత్రం. వుజూ చేసుకునేటప్పుడు నౌకరు గానీ దాసీ గానీ పక్కన నిలబడి చేతుల మీద నీళ్ళు పోయడం సుల్తానుకు నచ్చలేదు. మనిషి అవసరం లేకుండా నీళ్ళు పోసే సామాను కావాలన్నాడు. అల్ జజరీ చేసి ఇచ్చాడు. ఆ యంత్రం ఇంట్లోకి వచ్చిన కారణం చూడండి: ఇబాదత్ వేళ మీద పడే ఒక పరాయి చూపును తగ్గించడానికి వచ్చింది. ఈరోజు యంత్రాలు ఆ చూపును పెంచడానికి వస్తున్నాయి.

ఇంకో విషయం. అల్ జజరీ తన యంత్రాల కొలతలు, భాగాలు, బిగించే తరీఖా అన్నీ బొమ్మలు వేసి రాశాడు. హునర్ ఉన్నవాడు చదివి మళ్ళీ చేసుకోవచ్చు, చెడిపోతే బాగు చేసుకోవచ్చు. ఇల్మ్‌ను అమానత్ అనుకున్న కారీగర్ చేసే పని అది.

నఫా కోసం హునర్ తల దించినప్పుడు

మరి ఈ పద్ధతి ఎప్పుడు తిరగబడింది? ఒక తారీఖు చెప్పాలంటే 1924 చెప్తాను. ఆ ఏడు జెనీవాలో ఫిలిప్స్, ఓస్రామ్ వగైరా పెద్ద బల్బు కంపెనీలు ‘ఫోబస్’ పేరుతో ఒక్కటయ్యాయి. బల్బు 1,000 గంటలకు మించి వెలగకూడదని ఖరారు చేసుకున్నాయి. అంతకంటే ఎక్కువ కాలం వెలిగే బల్బులు అప్పటికే ఉన్నాయి. హద్దు దాటిన కంపెనీకి జుర్మానా కూడా పెట్టుకున్నాయి. బల్బు త్వరగా మాడిపోయేలా చేయడానికి ఇంజనీర్లను కూర్చోబెట్టారన్నమాట. హునర్ గ్రాహకుడి వైపు నుంచి నఫా వైపు జరిగింది.

ఇంటర్నెట్ వచ్చాక ఈ పని ఇంకా ఆసానీ అయింది. అమెరికాలో రివాల్వ్ అనే హోమ్ హబ్‌ను 300 డాలర్లు పెట్టి కొన్నారు. గూగుల్ వాళ్ళ నెస్ట్ ఆ కంపెనీని కొని, 2016 మేలో సర్వరు ఆపేసింది. కొన్నవాళ్ళ చేతిలో పనికిరాని డబ్బా మిగిలింది. 2017లో విజియో టీవీ కంపెనీ 22 లక్షల డాలర్లు కట్టాల్సి వచ్చింది. కోటి పది లక్షల టీవీల్లో ఎవరు ఏం చూస్తున్నారో వాళ్ళకు తెలియకుండా పోగు చేసి అమ్ముకుందన్నది ఇల్జామ్. 2023లో అలెక్సా మాటల రికార్డుల విషయంలో, ముఖ్యంగా పిల్లల గొంతుల్ని దాచుకున్నందుకు, అమెజాన్ రెండున్నర కోట్ల డాలర్ల జుర్మానాకు ఒప్పుకుంది. అదే ఏడు దాని రింగ్ కెమెరాల మీద ఇంకో కేసు. ఒక ఉద్యోగి నెలల తరబడి ఆడవాళ్ళ వీడియోలు వేల సంఖ్యలో చూశాడని అక్కడి సర్కారీ సంస్థ ఇల్జామ్ పెట్టింది. ఇళ్ళ లోపలి కెమెరాలవి.

ఇవన్నీ పరదేశ్ కిస్సాలు అనుకోకండి. మా ఇంట్లో కొత్త టీవీ బిగించిన రోజు, షరతులకు ‘ఒప్పుకుంటున్నాను’ అంటే గానీ బొమ్మ రాలేదు. షరతులన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. రిమోట్ అమ్మీ చేతిలో ఉంది. ఆమెకు ఇంగ్లీషు రాదు, నొక్కేసింది. దీన్ని రజామందీ అంటారా? నికాహ్‌లో ఈజాబ్, ఖబూల్ అర్థమయ్యే మాటల్లో ఉండాలంటాం. బేరంలో మోసం ఉంటే హరామ్ అంటాం. ఇంటి గుట్టు అప్పగించే బేరం మాత్రం వేలి కొసతో అయిపోయింది.

మీటరు కిస్సా

ఇక మీటరు సంగతి. 1880ల చివర్లో ఇంగ్లండులో గరీబు ఇళ్ళకు నాణెం వేస్తే గ్యాసు వదిలే మీటర్లు వచ్చాయి. ప్రీపెయిడ్ అనే ఖయాల్ అప్పటిదే: డబ్బు ముందు, వెలుగు తరువాత. 1889లో హంగరీ ఇంజనీరు ఓట్టో బ్లాతీ చేసిన తిరిగే పళ్ళెం మీటరు శతాబ్దం పైన దునియా అంతా నడిచింది. మన వరండాల్లో తిరిగిన పళ్ళెం ఆ ఖాందాన్‌దే. దానికి ఒక షరాఫత్ ఉండేది. నెలకు ఎన్ని యూనిట్లు కాల్చారో చెప్పేది, ఏ గంటలో కాల్చారో చెప్పేది కాదు.

స్మార్ట్ మీటరు పదిహేను నిమిషాలకో అరగంటకో లెక్క పంపుతుంది. ఆ లెక్క నుంచి ఏం తీయొచ్చో 1980ల్లోనే అమెరికాలో ఎంఐటీకి చెందిన జార్జ్ హార్ట్ చూపించాడు. కరెంటు వాడకంలో ఎగుడుదిగుళ్ళు చూసి లోపల ఫ్రిజ్ ఆడుతోందా, మోటారు ఆడుతోందా గుర్తించే తరీఖా ఆయనది. దీంతో జనం మీద నిఘా పెట్టొచ్చని 1989లో ఆయనే వ్యాసం రాసి హెచ్చరించాడు. చేసిన కారీగరే ఖత్రా చెప్పాడు. అరగంట లెక్కలో అంత బారీకీ ఉండదు గానీ, ఇంట్లో మనుషులు ఎప్పుడు లేచారో, ఎప్పుడు పడుకున్నారో, ఊర్లో లేరో తెలిసిపోతుంది. రంజాన్‌లో మూడున్నరకు లేచి సహరీ వండుకునే ఇల్లు ఏదో మీటరు లెక్క చూసి చెప్పేయొచ్చు. ఫజర్ ముందు, మధ్యాహ్నం, ఇషా తరువాత - సూరహ్ నూర్ పరదా వేసిన ఆ మూడు వేళలకూ ఇప్పుడు హిసాబ్ ఉంది.

మన ఆంధ్రలో మీటరు ఎప్పుడూ సియాసత్‌తో కలిసే నడిచింది. 1980ల్లో బోరు మోటార్లకు మీటరు లేకుండా హార్స్‌పవర్ లెక్కన స్లాబు పద్ధతి ఉండేది. 1998లో విద్యుత్ సంస్కరణల చట్టం వచ్చింది, 1999లో విద్యుత్ బోర్డును విడదీశారు. చార్జీల పెంపు మీద జనం కదిలితే 2000 ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పులు జరిగాయి, ముగ్గురు జాన్ పోగొట్టుకున్నారు. 2004 మే 14న మన పులివెందుల వై.ఎస్. రాజశేఖర రెడ్డి ముఖ్యమంత్రిగా ఉచిత కరెంటు ఫైలు మీద దస్తఖత్ చేశారు. 2020 సెప్టెంబరులో ఆయన కొడుకు హుకూమతే మోటార్లకు మీటర్లు పెట్టే జీవో ఇచ్చింది. శ్రీకాకుళం జిల్లాలో మొదట చేసి చూశారు.

2021లో కేంద్రం ఆర్‌డీఎస్ఎస్ పథకం తెచ్చింది. ఖర్చు 3,03,758 కోట్లు, లక్ష్యం 25 కోట్ల ప్రీపెయిడ్ స్మార్ట్ మీటర్లు. మీటరుకు కేంద్రం ఇచ్చేది మన లాంటి రాష్ట్రాలకు 15 శాతం, అదీ 900 రూపాయలు దాటకుండా. మిగతా పెట్టుబడి ప్రైవేటు కంపెనీది. అది తన డబ్బును, దాని మీద నఫాను ఏళ్ళ తరబడి నెలనెలా డిస్కమ్ నుంచి రాబట్టుకుంటుంది. డిస్కమ్‌కు ఆ రఖం వచ్చేది ఆఖరికి బిల్లుల్లోంచే. మన రాష్ట్రంలో ఈ కాంట్రాక్టులు దక్కినవాళ్ళలో అదానీ గ్రూపు ఉంది. అందుకే వామపక్షాల ధర్నాల్లో ‘అదానీ మీటర్లు’ అన్న పేరు స్థిరపడింది. 2025 జూలైలో విరోధ్ పెరిగాక, గ్రాహకుల రజామందీ లేకుండా ఇళ్ళకు బిగించబోమని విద్యుత్ మంత్రి గొట్టిపాటి రవికుమార్ ప్రకటించారు. జనం అడిగితే ఇజాజత్ అన్న మాట వచ్చింది. ఇది గుర్తుంచుకోవాల్సిన విషయం.

డిస్కమ్ వాదనలో కొంత హక్ ఉంది. కరెంటు చౌర్యం ఉంది, బకాయిలున్నాయి, రీడింగు గొడవలున్నాయి. స్మార్ట్ మీటరుతో అవి తగ్గొచ్చు. అయితే తాళం చెవి ఎవరి చేతిలో ఉందో 2020 జన్మాష్టమి రోజు ఉత్తరప్రదేశ్ చూసింది. ఒక తప్పుడు కమాండుతో లక్షకు పైగా ఇళ్ళకు ఒక్కసారే కరెంటు పోయింది. లైన్‌మ్యాన్ ఇంటికొచ్చి ఫ్యూజు పీకితే మాట్లాడొచ్చు, ఇంట్లో బీమారీ మనిషి ఉందని చెప్పుకోవచ్చు. సర్వరుకు ఎవరు చెప్పాలి? ఇంకో సంగతి: కేంద్రం 2023లో మార్చిన నియమాల ప్రకారం, స్మార్ట్ మీటరు ఉన్న ఇంటికి పీక్ వేళల్లో ధర ఎక్కువ, ఎండ వేళల్లో తక్కువ. రేటు ఎక్కువయ్యేది సాధారణంగా సాయంత్రం, మన ఇళ్ళల్లో ఇఫ్తార్, మగ్రిబ్ నడిచే వేళ.

మనకున్న హక్కులు

నెదర్లాండ్స్ సెనేట్ 2009లో లాజ్మీ స్మార్ట్ మీటర్లకు అడ్డు చెప్పింది. కారణం ఇంటి గోప్యత. ఆ తరువాత అక్కడ వద్దనే ఇఖ్తియార్ గ్రాహకుడికి దక్కింది. అమెరికాలో 2018లో నేపర్‌విల్ కేసులో అప్పీల్ అదాలత్, పదిహేను నిమిషాల మీటరు లెక్క తీయడం ఇంటిని తనిఖీ చేయడమేనని ఒప్పుకుంది. ఆ తనిఖీ జాయజేనని కూడా అంది గానీ, మొదటి మాట ముఖ్యం. మన దేశంలో 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీలు ఏకగ్రీవంగా గోప్యత బునియాదీ హక్కని ఫైసలా ఇచ్చారు. 2003 విద్యుత్ చట్టం 47(5) సెక్షన్ ప్రకారం ప్రీపెయిడ్ మీటరుకు ఒప్పుకున్నవాళ్ళ దగ్గర డిస్కమ్ సెక్యూరిటీ డిపాజిట్ తీసుకోకూడదు. మీటరు మార్చమని వచ్చినప్పుడు డిపాజిట్ సంగతి, లెక్క ఎవరి దగ్గర ఎన్నాళ్ళుంటుందన్న సంగతి కాగితం మీద అడగండి.

ఇక మన ఘర్ సంగతి. కంపెనీల మీద గుస్సా చేసే మనం కూడా ఒకసారి ఆలోచించాలి. కువైట్‌లో ఉన్న మర్ద్ ఫోన్లో చూసుకోవడానికి ఇంటి లోపల కెమెరా పెట్టించే రివాజ్ మన ఇలాకాలో కనిపిస్తోంది. దొంగల భయం అంటారు. దొంగ వాకిట్లోంచి వస్తాడు, కెమెరా మాత్రం వంటింటి వైపు తిరిగి ఉంటుంది. ఇంట్లో ఆడమనిషి దుపట్టా తీసి కూర్చునే చోటు కూడా మిగల్లేదు. భార్య మీద తజస్సుస్ చేస్తే అది హిఫాజత్ అయిపోదు. పైగా ఆ వీడియో భర్త ఒక్కడి దగ్గరే ఆగదు, కంపెనీ సర్వరు దాకా పోతుంది. నా బీవీని పరాయివాడు చూడకూడదనే గైరత్ ఉన్నవాడు, ఆ పరాయివాడికి దర్వాజా తనే తీశాడు.

కెమెరా కావాలంటే వాకిట్లో పెట్టండి, పడోసీ వరండా మీదకు తిప్పకండి. టీవీ సెట్టింగుల్లో చూసినవాటి లెక్క పంపే స్విచ్చులుంటాయి, చదువుకున్న పిల్లలతో ఆపించండి. స్పీకరు మైకు బంద్ చేసే బటన్ ఎక్కడుందో ఇంట్లో పెద్దవాళ్ళకు కూడా చూపించండి. దుకాణంలో ఏది కొన్నా ధర కన్నా ముందు ఒక్క సవాల్ అడగండి: నెట్ తీసేస్తే ఇది పని చేస్తుందా? చేయదంటే, దానికి అసలు మాలిక్ మీరు కాదు.