ప్లగ్గులో ఫ్యూజు ఎందుకు పెట్టారంటే

తమ్ముళ్లారా, మన ఊళ్లో ప్లగ్గుకి గుండ్రటి పిన్నులు, సింగపూర్‌లో పలక పిన్నులు. రెండూ బ్రిటిష్ వాళ్లవే. గుండ్రటిది 1934 నాటి బీఎస్ 546, ఇండియాలో అదే నిలబడిపోయింది. పలకది 1947లో వచ్చిన బీఎస్ 1363.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఇంగ్లండులో రాగికి కరువొచ్చింది. సాకెట్‌కో లైను లాగకుండా, ఒకే లైనుని ఇల్లంతా తిప్పి మళ్లీ బోర్డుకే తెచ్చారు. ఆ లైను ఫ్యూజు 30 ఆంపియర్లది. సన్న వైరు కాలుతున్నా అది పోదు. అందుకే ప్రతి ప్లగ్గులో 13 ఆంపియర్ల లోపు ఫ్యూజు పెట్టారు. అది కాపాడేది టీవీని కాదు, వైరుని.

మనోళ్లు కొందరు ఎక్స్‌టెన్షన్ విప్పి, పోయిన ఫ్యూజు బదులు సిగరెట్ రేకు చుడతారు. ఆ తర్వాత వైరుకి కాపలా ఉండదు. 13 ఆంపియర్లంటే ఇక్కడి 230 వోల్టులకి సుమారు 3000 వాట్లు. ఒకే బాక్సు మీద రెండు ఇండక్షన్ స్టౌలు పెడితే అది దాటిపోతుంది.

రంగులూ అంతే. ఊళ్లో ఎరుపు ఫేజు, నలుపు న్యూట్రల్, ఆకుపచ్చ ఎర్త్. అదీ పాత బ్రిటిష్ పద్ధతే. వైరు తీగల రంగుల్ని వాళ్లే 1969లో చట్టం చేసి మార్చారు. ఇక్కడి ఎక్స్‌టెన్షన్ విప్పితే గోధుమరంగు ఫేజు, నీలం న్యూట్రల్, ఆకుపచ్చ-పసుపు చారలది ఎర్త్. సైటులో కొత్త మూడు ఫేజుల వైరింగులో అయితే నలుపు కూడా ఫేజే! ఊరి అలవాటుతో న్యూట్రల్ అనుకుని పట్టుకున్నామా, అంతే సంగతి.

ఫ్యూజు పోయిందంటే ముందు లోడు తగ్గిద్దాం, తర్వాత సరైన ఫ్యూజే వేద్దాం. వైరు మాడి ఉంటే బాక్సే మార్చేద్దాం. సేఫ్టీ మార్కు చూసి కొందాం. రూములో మనతోపాటు ఇంకా చాలామంది పడుకుంటున్నారు.