నాటాల్ చెరకు తోటల్లో మన జీళ్ళు

ఉగాది పచ్చడి గురించీ, బొబ్బట్ల గురించీ ఇటువంటి ఉత్సవ సంచికల్లో ఎన్నోసార్లు చదువుకున్నాం. జీళ్ళను మాత్రం ఎవరూ అంతగా పట్టించుకున్నట్లు లేదు. జీడి అంటే ఇక్కడ జీడిపప్పు కాదు. బెల్లాన్ని ముదురుపాకం పట్టి, వేడి తగ్గీ తగ్గకముందే సాగదీసి, నువ్వులద్ది, ముక్కలుగా కోసే మిఠాయి. శ్రీకాకుళం, విశాఖపట్నం, గోదావరి ప్రాంతాల తీర్థాలలో దీన్ని అమ్మడం మన పెద్దలు ఎరిగినదే. సముద్రం దాటి వచ్చాక మా ఇళ్ళలో ఆ జీడిలో తేనె కూడా చేరింది. ఆ కథ చెప్పుకోవాలంటే ముందు చెరకు కథ చెప్పుకోవాలి.

1850 దశకం తొలి సంవత్సరాల్లో నాటాల్‌లో చెరకు నుండి చక్కెర తీయడం మొదలైంది. తోటలు పెరిగినకొద్దీ కూలీలు చాలలేదు. 1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుండి 342 మందితో డర్బన్ రేవు చేరింది. 1911లో ఈ ఒప్పంద కూలీ పద్ధతి ఆగిపోయేనాటికి మొత్తం 1,52,184 మంది వచ్చినట్లు లెక్క. అందులో మద్రాసు రాజధాని నుండి, అంటే గంజాం, విశాఖపట్నం మొదలుకొని చిత్తూరు వరకు ఉన్న తెలుగు పల్లెల నుండి వచ్చినవారు కూడా ఉన్నారు. ఓడ జాబితాలలో ఒక్కొక్కరికి ఒక సంఖ్య, పేరు, తండ్రి పేరు, వయస్సు, కులం, ఊరు, జిల్లా, ఒంటి మీది పుట్టుమచ్చలు వ్రాసిపెట్టారు. వారికి వచ్చిన వంటలేమిటో, చేతిపనులేమిటో ఎవరూ అడగలేదు.

మొదటి ఏడాది జీతం నెలకు 10 షిల్లింగులు. ఏటా ఒక్కొక్క షిల్లింగు పెరిగి అయిదవ ఏటికి 14 అయ్యేది. ఆడవారికి అందులో సగం. దానితోపాటు బియ్యం, పప్పు, ఉప్పు, ఎండుచేప, నెయ్యో నూనెయో కొలిచి ఇచ్చేవారు. రోజంతా చెరకు నరికే మనిషికి ఇచ్చే ఆ రేషనులో తీపి అన్న మాట లేదు. పండుగకు బెల్లం కావలసివస్తే జీతం డబ్బు పెట్టి అంగడిలో కొనుక్కోవలసిందే. అందుకే మా నాయనమ్మలు బెల్లం పొట్లాన్ని ఉప్పుకుండ పక్కన కాక, బట్టల పెట్టెలో దాచేవారు.

తేనెకు మాత్రం డబ్బు అక్కరలేదు. తోటల అంచున నాటిన యూకలిప్టస్ చెట్లు పూసే కాలంలో తేనెపట్టులు దొరికేవి. ఇక్కడి తేనెటీగలకు కోపం జాస్తి. పొగబెట్టి పట్టు కోయడానికి వెళ్ళిన మా తాతలు మొగాలు వాచి తిరిగివచ్చిన కథలు ప్రతి కుటుంబంలోనూ ఉన్నాయి. బెల్లం చాలనప్పుడు ఆ తేనెతో సరిపెట్టారు.

ఇక్కడే ఇంట్లో తగాదా వచ్చేది. తేనెను కాచరాదని మన పెద్దల పట్టుదల. వేడి చేసిన తేనె హాని చేస్తుందని చరక సంహిత కూడా చెబుతుంది. పంచామృతంలో తేనె పచ్చిగానే పడుతుంది గదా! కానీ తోట దొరల ఇళ్ళలో పనిచేసి వచ్చిన ఆడవారు, అక్కడ తేనెను చక్కెరతో కలిపి మరిగించి టాఫీ చేయడం కళ్ళారా చూశారు. చివరకు రాజీ కుదిరింది. పాకం పొయ్యి మీది నుండి దించి, బుడగలు అణిగాక తేనె కలపడం. అప్పటికీ పాకం చేయి కాల్చేంత వేడిగానే ఉంటుంది. చరకుడు ఒప్పుకునేవాడా అన్నది మేము అడగలేదు, తిన్నాం.

తీరు ఇది. అరకిలో బెల్లాన్ని కాసిని నీళ్ళలో కరిగించి, ఇసుక, పిప్పి పోయేలా గుడ్డలో వడకట్టాలి. మందపాటి గిన్నెలో మరిగిస్తుంటే మొదట తీగపాకం, తరువాత ఉండపాకం వస్తాయి. అరిసెలకైతే ఉండపాకం వద్ద ఆగాలి, జీడికి ఆగరాదు. చన్నీళ్ళలో వేసిన చుక్కను తీసి పళ్ళెం మీద కొడితే ఠంగుమనాలి. తేనెలో కొంత నీరు ఉంటుంది కనుక పాకాన్ని ఇంకొంచెం ముదరనిచ్చి దించి, రెండు పెద్ద చెంచాల తేనె కలపాలి. నువ్వులనూనె రాసిన పళ్ళెంలో పోసి, అంచులు గట్టిపడుతుంటే లోపలికి మడుస్తూ ఉండాలి. చేయి పట్టగలిగినంత వేడికి రాగానే ఎత్తి, గుమ్మానికి కొట్టిన కొయ్యమేకుకు తగిలించి, లాగి, మడిచి, మళ్ళీ లాగాలి. లోపలికి గాలి చేరినకొద్దీ నల్లటి పాకం బంగారు రంగుకు తిరుగుతుంది. ఈ పని ఒంటరిగా చేసేది కాదు. ఒకరు లాగుతుంటే ఒకరు చేతులకు నూనె రాసుకుని సిద్ధంగా నిలబడాలి. పిల్లలు వేయించిన నువ్వుల పళ్ళెం పట్టుకుని కాచుకునేవారు.

తేనె వల్ల రుచి ఒక్కటే కాదు, మరొక లాభం కూడా ఉంది. అందులోని గ్లూకోజు, ఫ్రక్టోజు పాకాన్ని పలుకులు కట్టకుండా ఆపుతాయి. నిమ్మరసం పిండినా చక్కెర కొంత విడిపోయి అదే పని జరుగుతుంది. మా నాయనమ్మలకు ఈ పేర్లు తెలియవు. తేనె వేసిన జీడి నోట్లో ఇసుకలా రాలదని తెలుసు.

మరొక ముచ్చట. ఇంగ్లీషువారి క్యాండీ అన్న మాట మన దేశపుదే. సంస్కృతంలోని ఖండ పారసీకంలో కంద్ అయి, అరబ్బుల ద్వారా యూరపు చేరింది. కౌటిల్యుని అర్థశాస్త్రంలో బెల్లంతోపాటు ఖండ, శర్కర వేరువేరుగా పేర్కొనబడ్డాయి. దొరసాని వంటింట్లో మనవాళ్ళు ఆ మాటను కొత్తగా నేర్చుకున్నామనుకున్నారు.

జీడి ఎందుకు ఆగిపోయిందో కూడా చెప్పాలి. 1950లో గ్రూప్ ఏరియాస్ చట్టం వచ్చింది. 1960 దశకంలో వేలాది భారతీయ కుటుంబాలను చాట్స్‌వర్త్‌కు తరలించారు. మాదీ అందులో ఒకటి. పాత ఇల్లు కొయ్య, రేకులతో కట్టినది. గుమ్మానికి మేకు కొడితే అడిగేవారు లేరు. కొత్తది మునిసిపాలిటీవారి ఇటుక ఇల్లు, గోడకు మేకు దిగదు. పైగా లాగడానికి రెండో మనిషిగా వచ్చే పక్కింటి పిన్ని మరో వీధిలో పడింది, ఆమె అక్క మరో పేటలో. రెండేళ్ళు నాయనమ్మ ఒంటరిగా ప్రయత్నించింది. పాకం సగంలోనే గడ్డకట్టేది. తరువాత అంగడి టాఫీలు కొన్నాం. పాత ఇంటిని పడగొట్టారు. గుమ్మం ఏమైందో తెలియదు.

ఇప్పుడు మా వదినలు ఇద్దరు మళ్ళీ మొదలుపెట్టారు. మేకుకు బదులు ఇనుప కొక్కెం, దాన్ని మోటారు షెడ్డు దూలానికి బిగించారు. పిల్లలకు తెలుగు అంతగా రాదు, అయినా పాకం, తీగ, ఉండ అన్న మాటలు ఇంగ్లీషు నడుమనే చక్కగా పలుకుతారు. చేసేవారికి ఒక్క హెచ్చరిక: వానరోజున జీడి జోలికి పోవద్దు. తేనె గాలిలోని తేమను లాక్కుంటుంది. డర్బన్ వేసవిలో అయితే ముక్కలను మైనపు కాగితంలో విడివిడిగా చుట్టి, మూత బిగిసే డబ్బాలో పోసుకోవాలి. లేకుంటే తెల్లవారేసరికి అన్నీ కలిసి ఒకే జీడి అవుతుంది, దాన్ని కోయడానికి మళ్ళీ వదినలనే పిలవాలి.