మేళం

అప్పనపల్లిలో వైనతేయ గోదావరి గట్టున ఓ పెళ్లివారు ఎదురుచూస్తున్నారు. బాలబాలాజీ సన్నిధిలో ముహూర్తం. "మేళం ఇంకా రాలేదేంట్రా?" అన్నాడు మేనమామ వరస పెద్దాయన. "ముగ్గురొచ్చారండి. శ్రుతి పట్టేవోడు రావాలి" అన్నాడు కుర్రాడు.

ఆ జవాబు నన్ను పట్టుకుంది. మనుషులు 'వచ్చారు', మేళం 'రాలేదు'. వ్యాకరణానికి మేళం అమహద్వాచకం, ఏకవచనం. సన్నాయి, డోలు, తాళం చెట్టుకింద కూర్చునే ఉన్నా, నాలుగోది కలిస్తే గాని ఆ ఏకవచనం పుట్టదు.

సంస్కృతంలో 'మిల్' ధాతువుకు కలవడమని అర్థం. మేళనం, సమ్మేళనం అందులోవే. ఉత్తరాదివారి మేళా జనం కూడే సంత, జాతర. మన కోనసీమలో జనం కూడితే అది తీర్థం. కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం చూడండి. మేళాన్ని మనం వాద్యాలకు ఇచ్చేశాం. తమిళంలో ఆ మాట డోలుకే పేరైంది కూడా. మలయాళంలో చెండల సమూహమైంది. త్రిశ్శూరు పూరంలో ఇలంజితర మేళానికి రెండొందల పైచిలుకు వాద్యగాళ్లు నిలబడతారు.

శాస్త్రంలో కలిసేవి స్వరాలు. 1550లో రామామాత్యుడు రాసిన గ్రంథం పేరు 'స్వరమేళకళానిధి'. వీణ తీగలను శ్రుతిలో పెట్టడం 'మేళవించడం'. కూచిపూడి భాగవతులదీ మేళమే, గోదావరి తీరపు కలావంతులదీ మేళమే. గుళ్లో ఆడిపాడే ఆ కలావంతుల ఆచారాన్ని ఆపుతూ 1947లో మద్రాసు దేవదాసీ చట్టం వచ్చింది. గొప్ప విద్య ఉన్న ఆ స్త్రీల మేళం పేరు లోకం నోట తిట్టయింది. ఆ అన్యాయం తలచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

మేళగాళ్లనే భజంత్రీలనీ అంటాం. ఆ మాటకు భజనతో చుట్టరికం లేదు. హిందీ 'బజంత్రీ', అంటే వాయించేవాడు, మన ఊళ్లోకి వచ్చి ఒక ఒత్తు తగిలించుకున్నాడు. భక్తిగల చెవి చేసిన పని!

ఆర్కెస్ట్రా కథ ఇంకా ముచ్చటైనది. గ్రీకులకు అది మనుషుల పేరు కాదు, చోటు పేరు. నాటకశాలలో బృందం ఆడిపాడే వలయం. ధాతువుకు నాట్యమాడడమని అర్థం. వాద్యగాళ్లు ఆ పేరులోకి చాలా తర్వాత వచ్చారు. ఇక్కడ ఆర్కెస్ట్రా అంటే తీర్థం రాత్రి స్టేజీ, కీబోర్డు, ప్యాడ్లు, సినిమా పాటలు. కుర్రకారు స్టేజీ ముందు చేరి ఆడుతుంది. గ్రీకు ధాతువు కోనసీమ కొబ్బరిచెట్ల కింద బతికే ఉంది.

తాళి కట్టే క్షణాన పురోహితుడు "గట్టిమేళం!" అంటాడు. తుమ్మో, అశుభపు మాటో వధూవరుల చెవిన పడకుండా నలుగురూ ఒక్కటై శబ్దాన్ని గోడలా కడతారు. ఆ గోడకు పునాది శ్రుతి. గంటలకొద్దీ ఒకే స్వరం పట్టేవాడికి గమకం లేదు, చప్పట్లు లేవు. ఇప్పుడు చాలాచోట్ల అతని బదులు కరెంటు పెట్టె మోగుతోంది. స్వరం తప్పదు, నిజమే. కాని పెట్టె కోసం ఎవరూ దారి చూడరు.

ఇంతలో మోటారుసైకిలు దిగి ఓ ముసలాయన గబగబా వచ్చాడు. కాళ్లు కడుక్కుని, చెట్టుకింద మిగతా ముగ్గురి పక్కన కూర్చుని శ్రుతి అందుకున్నాడు. సన్నాయి అందులోకి ఒదిగింది.

"మేళం వచ్చిందర్రా, పదండి" అన్నాడు పెద్దాయన.