గోలీ వేసుకోవాలా, వద్దా?

చేవెళ్లలో ఇంకా పూర్తిగా తెల్లారలేదు. గుడిమల్కాపూర్ మార్కెట్‌కు పోయే పూల వ్యాన్ చప్పుడుకు మెలకువ వస్తుంది. పెదాల చుట్టూ తిమ్మిరి. వేళ్ల కొసల్లోనూ అదే. మీకు ఏడో నెల. రెండు రోజులుగా వాంతులు. వేసుకున్న గోలీ కడుపులో నిలవడం లేదు.

"నీరసం బిడ్డా. గింత గంజి తాగి పండుకో," అంటుంది అమ్మ.

మీ చెయ్యి మెడ మీది పాత కోత మీదికి పోతుంది. పెళ్లికి ముందు థైరాయిడ్ గడ్డ తీశారు. దాని వెనకాల బియ్యపు గింజంత గ్రంథులు నాలుగుంటాయి, పారాథైరాయిడ్లు. రక్తంలో క్యాల్షియం పడిపోకుండా కాసేవి అవే. ఆపరేషన్‌లో అవీ పోయాయి. అప్పట్నుంచి ఆ కాపలా పని క్యాల్షియం, క్యాల్సిట్రయాల్ గోలీలది.

ఇంకో రెండు వేసుకుని పడుకుంటే? అవీ కక్కేస్తారు. 108కి ఫోన్ చేయిస్తారు.

బీజాపూర్ రోడ్డు. కిటికీలో మర్రిచెట్లు వెనక్కి పోతున్నాయి. బీపీ పట్టీలో గాలి ఎక్కుతుంది. చెయ్యి మెలిపడుతుంది. మణికట్టు వంగుతుంది. వేళ్లు బిర్రబిగుస్తాయి. బొటనవేలు అరచేతిలోకి దూరుతుంది. చాపుదామంటే రాదు.

మొయినాబాద్ ఆసుపత్రి ఇంకెంత దూరం?

గొంతు పట్టేస్తోంది. ఊపిరికి చప్పుడొస్తోంది. మాట ఉండగానే చెప్పాలి. గర్భిణికి ఫిట్స్ వస్తే ఎవరైనా ముందు గుర్రపు వాతమే అనుకుంటారు. దానికిచ్చే మెగ్నీషియం క్యాల్షియాన్ని ఇంకా దించుతుంది.

"థైరాయిడ్... ఆపరేషన్... క్యాల్షియం చూడండి."

ఆసుపత్రి. ఛాతీ మీద ఈసీజీ వైర్లు. క్యాల్షియం గ్లూకోనేట్, 10 మిల్లీలీటర్లు, 10 నిమిషాల పాటు, మెల్లగా. తొందరపడితే గుండె లయ తప్పుతుంది. ఒళ్లంతా వేడి పాకుతుంది. ముందు బొటనవేలు వదులుతుంది. రిపోర్టులో క్యాల్షియం 6.8. కనీసం 8.5 ఉండాలి. డ్రిప్ సాగుతుంది, గోలీల మోతాదు పెంచుతారు.

నెలలు నిండి కాన్పు అవుతుంది. ఆడపిల్ల. తల్లి క్యాల్షియంలో హెచ్చుతగ్గులు కడుపులో బిడ్డ గ్రంథుల మీదా పడతాయి కాబట్టి పాపకూ రక్తపరీక్ష చేస్తారు. బాగానే ఉంది.

మూడో వారం. దప్పిక. చెంబులకు చెంబులు నీళ్లు. మాటిమాటికీ మూత్రం. మలబద్ధకం, వికారం. తల మొద్దుబారి, పాపకు ఏ పక్క పాలిచ్చారో గుర్తుండటం లేదు.

"పాలిచ్చే తల్లివి. ఎముకలు గుల్లయితయి. ఇంకో గోలీ ఏసుకో."

గోలీ అరచేతిలో ఉంది. అమ్మ మాట సబబుగానే తోస్తుంది, ఎవరికైనా అలాగే తోస్తుంది. కానీ పెదాల చుట్టూ తిమ్మిరి లేదు. గోలీ పక్కన పెట్టి పరీక్షకు రక్తం ఇస్తారు.

12.2.

ఎక్కడిదింత? పాలిచ్చే రొమ్ము తనే పారాథైరాయిడ్ హార్మోన్ లాంటి ఒకదాన్ని వదులుతుంది. అది ఎముకల్లోంచి క్యాల్షియాన్ని లాగి రక్తంలో కలుపుతుంది. కడుపుతో ఉన్నప్పుడు పెంచిన గోలీలు దానికి తోడయ్యాయి. ఇలాగే వదిలేస్తే కిడ్నీలకు దెబ్బ.

డాక్టరమ్మ గోలీలు ఆపేస్తుంది. సెలైన్ పెట్టిస్తుంది. రెండు రోజులకు మళ్లీ రక్తపరీక్ష. క్యాల్షియం దిగాక, పాత మోతాదులో సగంతో మొదలు.

"పాలు మాన్పించినంక?" అడుగుతుంది అమ్మ.

"మళ్లీ పడిపోవచ్చు. మాన్పించే ముందే తీసుకురండి."